మెడకు రాసిన పాము సారా

"మీరు పాములు అమ్మేవారట కదా అంకుల్?" అని మొన్న పాసిర్ రిస్‌లో మా బ్లాకు కింద ఒక కుర్రాడు అడిగాడు. అమ్మింది పాముల్ని కాదు నాయనా, పాములు నానిన సారాని అన్నాను. ఇది అంతకంటే ఘోరం అన్నట్టు చూశాడు. వాడి తప్పేం లేదు. మీ తరానికి ఫార్మసీ అంటే తెల్ల లైట్లు, వరసగా పేర్చిన అట్టపెట్టెలు. నేను బతుకంతా పనిచేసిన చీనా వైద్యశాలలో గోడ పొడుగునా గాజు జాడీలు ఉండేవి. ప్రతి జాడీలోంచీ ఏదో ఒకటి మనవైపే చూస్తూ ఉండేది.

ఒక జాడీలో సముద్రపు గుర్రాలు, ఒకదాంట్లో దుప్పి కొమ్ము ముక్కలు, ఇంకోదాంట్లో గుప్పెళ్లకొద్దీ నల్ల చీమలు. తొండంత బల్లుల్ని జంటలు జంటలుగా వెదురు పుల్లలకు చాపి కట్టి, తోకలు చెక్కుచెదరకుండా నానబెట్టేవారు. బలమంతా తోకలోనే ఉంటుందని వాళ్ల నమ్మకం, తోక తెగిన బల్లిని ఎవరూ కన్నెత్తి చూడరు. బల్లి మీద పడితే ఫలితం ఏమిటా అని పంచాంగం తిరగేసే ఇంట్లో పుట్టి, కొనేవాళ్లకు బల్లి తోకలు చూపించడం నా రోజువారీ పని అయింది. పై అరలో పాము జాడీలు ఉండేవి. చుట్ట చుట్టుకున్న పాము, దాని చుట్టూ వేర్లు, ఎర్రటి ఎండు పళ్లు. ఏళ్ల తరబడి నానీ నానీ బియ్యపు సారా తేనె రంగుకు తిరిగేది. కీళ్ల నొప్పులకు అది రామబాణమని చీనా ముసలమ్మలు ఒట్టేసి చెప్పేవారు. నిజమెంతో నేను చెప్పలేను. నేను డాక్టర్ని కాను, కౌంటర్ మనిషిని.

మా తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చాడు. మా నాన్న ఈ వైద్యశాల లారీ నడిపాడు. ఆయన పుణ్యమా అని నేను కౌంటరెక్కాను. హొక్కియన్ అనే చీనా భాష, మలయ్, తమిళం బజారులో వంటబట్టాయి. తెలుగు ఇంట్లో అమ్మ కొట్టి నేర్పింది. అంత కొట్టి నేర్పిన తెలుగు షాపులో ఒక్కరోజూ పనికి రాలేదే అని చాలా ఏళ్లు అనుకునేవాణ్ణి.

షాపులో వైద్యుణ్ణి సిన్సే అనేవాళ్లం. మా సిన్సే బక్కపలచటి ముసలాయన, మహా కోపిష్ఠి. నాడి చూడనిదే, నాలుక చూడనిదే ఎవరికీ చుక్క పోసేవాడు కాదు. దానికి తోడు ఆయనకో నియమం ఉండేది. ఏ జాడీలోంచి పోస్తున్నాడో ఆ జాడీని రోగి కళ్లారా చూడాలి. బజారులో రంగు నీళ్లు అమ్మే దొంగలు ఎక్కువైపోయారు కాబట్టి, నా సరుకులో ఏముందో చూశాకే పట్టుకెళ్లు అనేవాడు. చూడను అన్నవాణ్ణి గుమ్మం బయటికి పంపేసేవాడు.

ఇంతలో ఐటీ కాలం వచ్చింది. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, కాకినాడ నుంచి కుర్రాళ్లు విమానాలు నిండుగా వచ్చి దిగారు. సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాట్లలో గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకున్నారు. పొద్దస్తమానం కంప్యూటర్ల ముందు కూర్చోవడంతో వాళ్లకి మెడలు పట్టేసేవి, నడుములు పట్టేసేవి. చీనా షాపులో తెలుగు మాట్లాడే అంకుల్ ఉన్నాడట అని ఎవడో ఒకడు కనిపెట్టాడు. ఇంకేముంది, మా అమ్మ పడ్డ కష్టం ఊరికే పోలేదు.

వాళ్లతో నాకు వచ్చిన చిక్కల్లా ఒకటే. అందులో సగం మంది శాకాహారులు. మిగతా సగం కోడిని వదలరు గానీ పామంటే హరిహరీ అంటారు. సిన్సే పాము సారాని కొందరికి తాగమనేవాడు, కొందరికి రాసుకోమనేవాడు. మనవాళ్లకి రాసుకోవడమే చెప్పండి అని నేను ఆయన కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. నోట్లోకి పోనిది తిన్నట్టు కాదు, తిననిది తప్పు కాదు అని మనవాళ్లు తమకు తామే ఒక ధర్మశాస్త్రం రాసుకున్నారు. బాగానే సాగింది.

ఆ రోజుల్లోనే గుంటూరు అబ్బాయి ఒకడు తరచూ వచ్చేవాడు. మెతక మనిషి, మాట పెగలదు. భార్యాభర్తలిద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఒకే ప్రాజెక్టులో. ఆయన ప్రోగ్రాములు రాసేవాడు, ఆవిడ వాటిలో తప్పులు పట్టేది.

"ఇంట్లోనూ అదే డ్యూటీ అంకుల్" అనేవాడు పాపం.

షాపుకు వస్తే మామూలు బామ్ కొనుక్కుని వెళ్లిపోయేవాడు. ఒకసారి పాము సారా సంగతి ఎత్తితే గుడ్లు తేలేశాడు.

"అమ్మో, వద్దంకుల్! మా అత్తగారింట్లో పాము అనే మాట కూడా అనరండి. స్వామి అనాలి. మా ఆవిడ నాగుల చవితికి పాలు పోయందే పచ్చి మంచినీళ్లు ముట్టదు. పాము తోలు డిజైనని హ్యాండ్‌బ్యాగ్ కూడా వెనక్కి ఇచ్చేసింది."

సరే నాయనా, బామే రాసుకో అన్నాను.

కొన్నాళ్లకు వాళ్ల ప్రాజెక్టు సంగతి తేలే రోజు వచ్చింది. ఇన్నాళ్లూ తయారుచేసిందంతా క్లయింటు కంపెనీ పెద్ద మేడమ్ ఎదుట నడిపి చూపించాలి. నడిపేది మన గుంటూరు అబ్బాయే. మేడమ్ సరేనంటే ఇంకో ఏడాది పని, పనితో పాటు ఇక్కడ ఉండటానికి పాసు. కాదంటే ఇద్దరూ పెట్టెలు సర్దుకోవాల్సిందేనని వాళ్ల మేనేజరు ముందే చెప్పేశాడు. అలాంటి రోజున పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి మనవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెడ ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉంది. నన్ను చూడాలంటే ఒళ్లంతా తిప్పి చూస్తున్నాడు.

"లేచేసరికి ఇలా అయిపోయిందంకుల్. మా ఆవిడ మెషీన్లు సర్దడానికి ముందే వెళ్లిపోయింది. ఈ అవతారంతో ఆ మేడమ్ ముందు నిలబడితే ఎలా? ఏదో ఒకటి చేయించండి. మీకు దణ్ణం పెడతాను."

సిన్సే వచ్చాడు, నాలుక చాపించాడు, మెడ నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ మనవాడు కెవ్వుమన్నాడు. సిన్సే పై అర వైపు వేలు చూపించాడు. నేను అబ్బాయి మొహంలోకి చూశాను. బామ్ వల్ల కాదంటున్నాడయ్యా, స్వామి ఒక్కరే దిక్కు అన్నాను.

అబ్బాయి గడియారం చూశాడు. "రాయమనండి అంకుల్. కానీ నేను మాత్రం చూడను. చూడలేదు కాబట్టి నాకు తెలియదు. నాకు తెలియదు కాబట్టి మా ఆవిడకి చెప్పేదేమీ ఉండదు" అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చూడనివాళ్లకి పోయనని సిన్సే భీష్మించాడు. వీళ్ల మతంలో వైద్యం చేయించుకునేటప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారని నేనొక కోత కోశాను. ముసలాయన గొణుక్కుంటూనే సారా వేడిచేసి, గుడ్డ తడిపి, మెడ చుట్టూ వేసి, బొటనవేళ్లతో పిసికాడు. షాపంతా ఘాటు. కాసేపటికి అబ్బాయి కళ్లు తెరిచి, తల కుడివైపు తిప్పాడు, ఎడమవైపు తిప్పాడు. వాడి సంతోషం చూడాలి! చిన్నపిల్లాడిలా నా చేతులు పట్టుకుని ఊపేశాడు. సారా ఆరిపోయేదాకా కూర్చో, చొక్కా మార్చుకుని వెళ్లు అని సిన్సే మొత్తుకుంటున్నా వినకుండా, తడిసిన కాలరుతోనే టాక్సీ పట్టుకుని పరుగెత్తాడు.

ఆ తర్వాత ఆఫీసులో జరిగింది భార్యాభర్తలిద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటల్లోనూ తేడా లేదు. కిటికీలు తెరుచుకోని ఏసీ గది. మనవాడు లోపల అడుగుపెట్టగానే ఘాటు గది నిండా పరుచుకుంది. మేడమ్ పెన్ను కింద పెట్టి, ముక్కు ఎగబీల్చి, "పొద్దున్నే తాగి వచ్చావా?" అని అడిగింది.

ఒక్క మాట చెబితే పోయేది. తాగలేదు మేడమ్, మెడ నొప్పికి పాము సారా రాసుకున్నాను అనాలి, అంతే. కానీ గది మూలన కంప్యూటరు ముందు వాళ్లావిడ కూర్చుని ఉంది. తాగానంటే ఉద్యోగం పోతుంది. పామంటే సంసారం పోతుంది. మనవాడు మేడమ్ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. అప్పటికి మెడ మాత్రం చక్కగా తిరుగుతోంది. నోరే పెగల్లేదు. మౌనం చూసి మేడమ్ నిజమేననుకుంది. నువ్వు కింద లాబీలో కూర్చో, మీ మేనేజరుతో మాట్లాడాలి అని బయటికి పంపేసింది.

నాకు ఫోను అక్కడినుంచే వచ్చింది. ఏడుపు గొంతు.

"అంకుల్, అర్జెంటుగా రండి. అది మూలికల తైలమని మేడమ్‌కి మీరే చెప్పాలి. వేర్లు, ఆకులు, పళ్లు అని చెప్పండి. స్వామి మాట మాత్రం ఎత్తొద్దు. మా ఆవిడ కూడా కిందికి వస్తోంది!"

సరే, ఒక పచ్చని కాపురం కోసం ఒక చిన్న అబద్ధం ఆడితే కొంపలేం మునగవు అనుకున్నాను. కాకపోతే నేను షాపులోంచి కదలాలంటే సిన్సేకు చెప్పాలి. చెప్పాను. ఆయన ఎర్రబడిపోయాడు.

"నా పామును గడ్డీ గాదం అని చెప్పమన్నాడా? కళ్లు మూసుకున్నప్పుడే అనుకున్నాను! పద, నేనూ వస్తాను!"

ఎర్రగుడ్డ సంచీలో ఏదో కుక్కుకుని నాకంటే ముందు రోడ్డెక్కాడు. అదేమిటో అడిగే తీరిక నాకు లేకపోయింది. ఉండి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

లాబీ అంటే మామూలు లాబీ కాదు. కాలు పెడితే జారేంత నున్నటి పాలరాయి, నిలువెత్తు పూలకుండీలు. అక్కడ సోఫా అంచు మీద మనవాడు కోర్టులో ముద్దాయిలా కూర్చుని ఉన్నాడు. పక్కనే నిలబడి వాళ్లావిడ, నిజం చెప్పండి, ఎవరు తాగించారు మీ చేత, అని గుచ్చి గుచ్చి అడుగుతోంది. అంతలో మేడమ్ కూడా లిఫ్టు దిగి వచ్చింది. నేను గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, నాకు వచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మేడమ్, మాది చీనా వైద్యశాల. ఈ అబ్బాయి తాగలేదు. పొద్దున మెడకు మేము కొన్ని మూలికలు...

"వాట్ హెర్బ్స్!" అన్నాడు సిన్సే. నా అబద్ధం ఏ భాషలో ఉన్నా ఆయనకు అర్థమైపోయింది. ఎర్రగుడ్డ సంచీ విప్పి, సీసా తీసి, గాజు బల్ల మీద టక్కుమని పెట్టాడు.

లోపల స్వామి చుట్ట చుట్టుకుని, పడగ విప్పి, నేరుగా గుంటూరు అమ్మాయి వైపు చూస్తున్నాడు.

"రబ్ లా! నో డ్రింక్!" అని సిన్సే తన మెడ మీద తానే చేత్తో రుద్దుకుని చూపించాడు. తర్వాత, మేడమ్ కూడా చీనా మనిషే కాబట్టి, ఆమెతో చీనా భాషలో ఏకధాటిగా మాట్లాడాడు. లాబీలో కాపలా ఉండే గార్డు కూడా వచ్చి సీసాలోకి తొంగి చూశాడు. మేడమ్ మొహంలో కోపం కాస్త సడలింది. మన అబ్బాయి మాత్రం సీసాను చూడలేదు, మేడమ్‌ను చూడలేదు. పాలరాయిలో తన నీడనే చూసుకుంటున్నాడు.

"ఏవండీ, అది స్వామి కదూ?" అంది వాళ్లావిడ చాలా మెల్లగా.

వాడు తలూపాడు. నిజం చెబుతున్నాను, అంతమంది నడుమ ఆ అమ్మాయి ఎక్కడ ఏడుస్తుందో, ఎక్కడ వాణ్ణి కడిగిపారేస్తుందో అని భయమేసింది.

మేడమ్ చేతులు కట్టుకుంది. "రాసుకున్నాడన్నది నమ్ముతాను. రాసుకున్నవాడు ఒక గుక్క తాగలేదని నాకేమిటి నమ్మకం? అడిగితే అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

అది న్యాయమైన ప్రశ్నే. అప్పుడు ఆ అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది.

"మేడమ్, నేను ఈయన భార్యని. అప్పుడు చెప్పకపోవడం నాకు భయపడి. ఆ సంగతి మేమిద్దరం ఇంటి దగ్గర చూసుకుంటాం. కానీ ఈయన తాగరు. పొద్దున్న నా చేత్తో ఆవకాయన్నం కలిపిపెట్టి వచ్చాను. ఈయన నోట్లో ఆ వాసన తప్ప ఇంకో వాసన ఉంటే మీ ఇష్టం." మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, ఊదండి."

"ఇక్కడా?"

"ఊదమన్నానా!"

వాడు ఊదాడు. గుంటూరు ఆవకాయ, అందులోనూ వెల్లుల్లి దండిగా వేసి వాళ్లమ్మగారు పంపిన ఆవకాయ. మేడమ్ రెండు చేతులతో ముక్కు మూసుకుని వెనక్కి గెంతింది. మధ్యలో నిలబడ్డ పాపానికి గార్డుకు దగ్గొచ్చింది.

"గార్లిక్?" అంది మేడమ్, చేతుల వెనకనుంచి.

"చాలా ఎక్కువ మేడమ్" అంది అమ్మాయి, తల ఎత్తి.

మేడమ్‌కు నవ్వు ఆగలేదు. పెద్ద ఉద్యోగం, నలుగురూ చూస్తున్నారు, అయినా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పైకి రా, కాకపోతే గది ఆ చివర నిలబడి మాట్లాడు అని వాడికి చెప్పి లిఫ్టు వైపు నడిచింది. మనవాడు భార్య వైపు బితుకుబితుకుమంటూ చూశాడు. వెళ్లి పని చూడండి, తర్వాత మాట్లాడతాను అంది ఆవిడ. ఆ 'తర్వాత' అనే మాట వినగానే వాడి మొహం మళ్లీ పొద్దుటిలాగే అయిపోయింది.

డెమో బ్రహ్మాండంగా జరిగింది. ఏడాది పని దక్కింది, పాసులు దక్కాయి. ప్రచారం కోసం చెప్పడం లేదు గానీ, మేడమ్ వాళ్లమ్మగారు కూడా మోకాళ్ల కోసం మా షాపుకు రావడం మొదలుపెట్టింది. అందరికీ మంచే జరిగింది. మంచి జరగనిది గుంటూరు అబ్బాయికి ఒక్కడికే. వాడు షాపుకొచ్చి బల్ల మీద వాలిపోయేవాడు.

"అరవడం లేదంకుల్. అరిస్తే బావుండును. మాట్లాడటమే లేదు. అన్నం పెడుతోంది, ఆవకాయ పెట్టడం లేదు."

ఓపిక పట్టమని చెప్పడం తప్ప నేను చేయగలిగిందేం ఉంది? మీరు కొత్తగా పెళ్లయినవాళ్లయితే ఒక ముక్క చెబుతాను, ఊరికే. ఇంట్లో దాచాల్సిన వైద్యం చేయించుకోకండి. చేయించుకుంటే చొక్కా మార్చుకుని వెళ్లండి.

తర్వాతి శనివారం షాపు కిటకిటలాడుతున్న వేళ ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మా గుమ్మం తొక్కలేదు. చెప్పులు బయటే విడిచింది. చేతిలో ఒక చిన్న స్టీలు గ్లాసు, దాని మీద మూత.

"అంకుల్, ఆ సీసా కిందికి దింపుతారా?"

సిన్సేతో పోట్లాటకు వచ్చిందేమోననుకున్నాను. దింపి బల్ల మీద పెట్టాను. ఆవిడ గ్లాసు మూత తీసింది. పాలు. గ్లాసును సీసా ముందు పెట్టి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ నిలబడింది. చీనా ముసలమ్మలు మాటలు ఆపేశారు. బల్లి తోక బేరమాడుతున్నాయన కూడా ఆపేశాడు.

"ఏం చేస్తోంది?" అన్నాడు సిన్సే నా చెవిలో.

"దాంతో మాట్లాడుతోంది."

"ఏమని?"

నేను కాస్త దగ్గరికి జరిగి విన్నాను. విన్నది విన్నట్టు సిన్సే చెవిలో వేశాను. "నొప్పి భరించలేక మావాడు నిన్ను వాడుకున్నాడు, నిన్ను అడగలేదు, ఆ తప్పు కాయమంటోంది. మా పొట్ట నిలబెట్టావు, నీ రుణం ఉంచుకోము అంటోంది."

సిన్సే తండ్రి ఇదే వైద్యం చేశాడట, తాత ఇదే వైద్యం చేశాడట. ఆ జాడీల్లోని ప్రాణులకు మిమ్మల్ని వాడుకున్నామని ఒక మాట చెప్పినవాళ్లను ఆయన ఇన్నేళ్లలో చూడలేదట. ఆ మాట నాతో అని, చొక్కా పై గుండీ పెట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ అమ్మాయి పక్కన నిలబడి, సీసాకు నడుము వంచి నమస్కారం చేశాడు. నేనూ చేశాను. చేయకుండా ఎలా ఉండగలను?

ఆవిడ కళ్లు తెరిచి, చెంగుతో మొహం అద్దుకుని, అటూ ఇటూ చూసి, నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"అంకుల్, నాకూ ఒక చిన్న సీసాలో పోసిస్తారా? రోజంతా మౌస్ పట్టుకుని మణికట్టు లాగేస్తోంది."

నేను తెల్లబోయాను. "అదేమిటమ్మా, స్వామి కదా?"

"అయితే ఏం? ఆయనలా అడక్కుండా రాసుకోవడం లేదుగా అంకుల్. నేను అడిగాను."